కుక్కపిల్లకి రెండు ఇంటిపేర్లు

1991 మార్చి 31, ఆదివారం. చంద్రుడి లెక్కలో రెండో నెల పదహారో రోజు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో నువ్వులనూనె కోడి తిన్నాం.

నెల రోజులుగా తింటున్నదీ అదే. బాలింత కోసం అల్లం వేయించి, బియ్యపు సారా పోసి ఉడికించే కూర. అందులో ఉప్పు పడకూడదు. ఆ రోజు మా అక్క బాంగ్‌యో పనుల చిరాకులో గుప్పెడు ఉప్పు వేసేసింది. నెల తర్వాత నోటికి రుచి తగిలింది. ఎవరం పైకి అనలేదు. గిన్నె మాత్రం అడుగు కనిపించేదాకా ఖాళీ అయింది.

మర్నాడు మా మనవడి నెల పండుగ. పొద్దున్నే పోయిన మా పెద్దల పీఠం ముందు, రెండు వైపుల చుట్టాలూ నిలబడి ఉండగా, పిల్లాడి పేరు ఇంటిపేరుతో కలిపి పైకి చదవాలి. ఆ తర్వాత ఎర్ర గుడ్లూ జిగట అన్నమూ వీధంతా పంచాలి. అంతవరకూ పసివాడిని మంచి పేరుతో పిలవకూడదు. దిష్టి తగులుతుంది. అందుకని ఇంట్లో అందరం వాడిని 'కుక్కపిల్ల' అనే పిలుస్తున్నాం.

భోజనాలయ్యాక మా వియ్యంకుడు తూ షుయ్‌మూ మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఆయన రావలసింది మర్నాడు. వెనక కట్టిన బుట్టలో తాబేలు అచ్చుల ఎర్ర పిండివంటలున్నాయి. మాదౌ ఊరి చివర ఆయనకు పంపరపనస తోట ఉంది. అది పూత కాలం కావడంతో ఆయన భుజాల మీద తెల్లటి రేకులు రాలి ఉన్నాయి. ఆయన కంటే ముందు ఆ వాసన హాల్లోకి వచ్చింది.

"ఒకరోజు ముందే వచ్చారేం బావగారూ?" అన్నాను.

"మీకో మాట చెబుదామని. రేపు అందరి ముందూ చెబితే బాగుండదు కదా." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నిన్న మా పెద్దలకి చెప్పేశాను."

"ఏమని?"

"మనవడు పుట్టాడు, వాడి పేరు తూ జీగెన్ అని. వేరును నిలబెట్టేవాడు అని అర్థం. పీఠం ముందు జంట చెక్కలు వేసి అడిగాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లూ అవుననే అన్నారు బావగారూ. ఒక్కసారి కూడా కాదనలేదు."

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడయింది. అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం పేరన్నారు?"

"జీగెన్, వదినగారూ."

"వాడి పేరు చెంగ్‌యావ్. వెలుగును అందుకునేవాడు. సూ చెంగ్‌యావ్. శుక్రవారమే మా పెద్దలకి చెప్పాను. వాళ్లూ మూడుసార్లు అవునన్నారు."

నేను ఆ ఇంటి పెద్దని. అరవై ఆరేళ్లవాడిని. చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు ఎవరి చేతా మాట పడకుండా ఆఫీసు నడిపినవాడిని. నా మనవడికి రెండు పేర్లు పెట్టిన సంగతీ, ఆ రెండూ చచ్చిపోయినవాళ్ల చెవిన వేసి ఒప్పించిన సంగతీ నాకు అప్పుడే తెలిసింది.

"నాతో ఒక్క మాట అనచ్చు కదా," అన్నాను.

"నీతో అంటే ఆలోచిద్దాం అంటావు," అంది అక్క.

"అవును బావగారూ, మీరు ఆలోచిస్తారు," అన్నాడు తూ. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరికీ మొదటిసారి కుదిరిన మాట అది.

లోపలి గది తెర వెనక నుంచి కోడలు రూయిన్ గొంతు వినిపించింది. నెల నిండేదాకా ఆమె గది దాటకూడదు, గాలి తగలకూడదు, తల తడపకూడదు.

"మామయ్యా, ఏమయింది?"

"ఏం లేదమ్మా. నీ కొడుక్కి రెండు వైపుల పెద్దలూ చెరొక పేరు ఖాయం చేశారు. పడుకో."

పెళ్లి మాటలనాడు మాట ఇచ్చింది నేనే. ఐదేళ్ల కిందట ఈ హాల్లోనే, ఇదే బల్ల దగ్గర, తూ టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని అడిగాడు. "మొదటి మగపిల్లాడు మీ సూ. రెండోవాడు మా తూ. సరేనా బావగారూ?" ఆయనకు రూయిన్ ఒక్కతే కూతురు. నేను సరే అన్నాను. మా ఆవిడ ఛాయ్‌యున్ కూడా తల ఊపింది. మా వైపు ఇలాంటి ఒప్పందాన్ని 'ఆడపంది పన్ను' అంటారు. ఆడపందిని పెంపకానికిచ్చినవాడు ఈతలో ఒక పిల్లని తీసుకెళ్లినట్టు. పెళ్లివిందులో ఎవరో ఆ మాట నవ్వుతూ అంటే రూయిన్ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

మొదట యూచింగ్ పుట్టింది. సూ యూచింగ్. ఇప్పుడు నాలుగేళ్లది. తర్వాత ఈ కుక్కపిల్ల. వీడి పురుడు కష్టమైంది. నెత్తురు ఆగలేదు. తల్లిని బతికించడానికి డాక్టరు గర్భసంచి తీసేశాడు. రెండో మగపిల్లాడు ఇక రాడు.

నెల రోజులుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. కోడి వండుకున్నాం, తిన్నాం.

"మొదటి మగపిల్లాడు మాకు అన్నారు," అంది అక్క. "అన్నారా లేదా? ఇదే బల్ల దగ్గర. నేను పక్కనే పళ్లు కోస్తున్నాను."

"అన్నాను వదినగారూ. కాదనను. కానీ మీకు యూచింగ్ ఉంది. సూ పేరుతో ఒక బిడ్డ ఇంట్లో తిరుగుతోంది. మాకెవరున్నారు? రెండోవాడు పుడతాడనుకునే కదా మొదటివాణ్ణి మీకన్నాను."

"పుట్టకపోతే మా తప్పా?"

"నా తప్పా?"

"ఎవరి తప్పూ కాదు," అన్నాడు మా అబ్బాయి బోవెన్. వాడు నేల మీద బేసిన్ ముందు కూర్చుని గుడ్లకు ఎర్ర రంగు వేస్తున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. పక్కన యూచింగ్ రంగు ఆరిన గుడ్లను బుట్టలో సర్దుతోంది. "నెమ్మదిగా మాట్లాడుకుంటే ఇద్దరికీ నచ్చేలా..."

"నువ్వు గుడ్లు చూడు," అంది అక్క.

వాడు గుడ్లు చూశాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై రెండేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, తన కొడుకు ఇంటిపేరు మీద ఇంత గొడవవుతుంటే రంగు సమంగా పట్టిందా లేదా అని గుడ్డును వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు.

తూ చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఎర్ర కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పక్క ఊళ్లో పేర్లు చూసే పెద్దమనిషి రాసిచ్చాడట. ప్రతి అక్షరంలో ఎన్ని గీతలున్నాయో, మొత్తం ఏ అదృష్టపు అంకె మీద ఆగుతుందో పక్కన సన్నగా రాసి ఉంది. అక్క ఊరుకుంటుందా? పీఠం మీద దీపం కింద అంటించిన తన ఎర్ర కాగితం ఊడదీసుకొచ్చి దాని పక్కనే పరిచింది. అది బజారు గుడి పక్కన కూర్చునే ఆయన రాసిచ్చినది.

"పోనీ, జీగెన్ అనే పేరే ఉంచి సూ అని పెడితే?" అన్నాను.

ఇద్దరూ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశారు.

"తూ గీతలకి లెక్కగట్టిన పేరు సూ కింద పెడతావా? అంకె తప్పిపోదూ? పిల్లాడికి రోగమొస్తే ఎవరిది పూచీ?" అంది అక్క.

"అదే నేనూ అంటున్నది," అన్నాడు తూ.

"అయినా తూ అంటే మట్టి కదండీ, మట్టి! బంగారంలాంటి పిల్లాడికి ఇంటిపేరు మట్టా?"

తూకి ఆ మాట తగిలింది. ఆయన నెమ్మదస్తుడు. చిన్నప్పుడు జాతకంలో నీరూ చెట్టూ తక్కువయ్యాయని 'నీరు, చెట్టు' అనే అర్థంతో ఆయనకు షుయ్‌మూ అని పేరు పెట్టారు. ఆ పేరుకి తగ్గట్టే బతికాడు. కోపం కూడా వేరు తడిసినట్టు ఆలస్యంగా వస్తుంది.

"మీ సూ అక్షరంలో ఏముంది వదినగారూ? పైన గడ్డి. కింద ఒక పక్క చేప, ఒక పక్క వరి. చేప సంగతి నాకు తెలియదు. ఆ గడ్డీ ఆ వరీ నా మట్టి లేకుండా ఎక్కడ మొలిచాయో చెప్పండి."

బోవెన్ ఫక్కుమన్నాడు. అక్క చూపుకి నవ్వు మింగేశాడు.

"రెండూ కలిపేద్దాం," అన్నాను నేను. నాకు అప్పటికే తలనొప్పి మొదలయింది. "రెండు ఇంటిపేర్లున్నవాళ్లు లేరా? మిల్లులో మా గుమాస్తాకి ఉండేవి. పిల్లాడు రెండు పీఠాలకీ దణ్ణం పెడతాడు."

ఒక్క క్షణం ఇద్దరూ ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది.

"ఏది ముందు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నేను లేచి టీకి నీళ్లు పెట్టడానికి వెళ్లాను. మనిషికి ఒక్కోసారి కాగే నీళ్ల చప్పుడు కూడా పెద్ద ఉపకారం. ఆ కాసేపూ ఇంకేమీ వినిపించదు.

తిరిగొచ్చేసరికి తూ గొంతు తగ్గింది.

"మా ఆవిడ పోయి తొమ్మిదేళ్లు," అంటున్నాడు. "పొద్దునా సాయంత్రం నేనే అగరొత్తి వెలిగిస్తాను. ఈమధ్య మోకాలు వంగట్లేదు, నిలబడే పెడుతున్నాను. ఆమె ఏమీ అనుకోదులెండి. నేను పోయాక ఆమెకి ఎవరు పెడతారు? నాకు ఎవరు పెడతారు? మా నాన్నకి, తాతకి? తోట ఎవరో కొనుక్కుంటారు. పీఠాన్ని ఎవరు కొంటారు వదినగారూ?"

అక్క టీ ఆయన గిన్నెలో తనే పోసింది, నిండుగా. నేను అది చూసి కాస్త నెమ్మదించాను. తొందరపడ్డాను.

"అయితే పిల్లని తీసుకోండి," అంది అక్క.

"ఏ పిల్లని?"

"యూచింగ్‌ని. మీ దగ్గరే ఉండాలని కాదు. దాని ఇంటిపేరు తూ అని మార్చేద్దాం. ఆడపిల్లయినా అగరొత్తి వెలిగిస్తుంది. పెద్దదయ్యాక ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకోండి. కుక్కపిల్ల మాకు, పిల్ల మీకు. మాట నిలబడినట్టే కదా?"

బేసిన్‌లో రంగునీళ్లు కదలడం మానేశాయి. బోవెన్ చేతులు అందులోనే ఉండిపోయాయి.

తూ తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. వేళ్ల మీద లెక్క వేయడం మొదలుపెట్టాడు.

"తూ యూచింగ్... యూ అంటే వాన. మట్టికి వాన మంచిదే. చింగ్... గీతలెన్నో... ఆ రెండో అక్షరం మార్చాల్సి రావచ్చు. అడిగి చూడాలి..."

"బావగారూ!" అన్నాను.

తెర పక్కకు తొలగింది.

రూయిన్ గుమ్మంలో నిలబడి ఉంది. నెల రోజులుగా నూనె, నీళ్లు ఎరగని జుట్టు తలకి అతుక్కుపోయింది. ఒంటి మీద మందపాటి స్వెట్టర్. కాళ్లకి ఏమీ లేవు. చల్లటి మొజాయిక్ నేల మీద వట్టి పాదాలతో నడిచి వచ్చింది.

"కాళ్లు!" అని అరిచింది అక్క. "మేజోళ్లు ఏవే? ఇవాళ ఒక్కరోజు ఆగలేవూ? ముసలితనంలో కీళ్లు పట్టుకుపోతే అప్పుడు నన్ను తిట్టుకుంటావు!"

"పెద్దత్తయ్యా, మీరు ఇందాక అన్నది మళ్లీ అనండి."

"ముందు లోపలికి పద."

"అనండి."

అక్క గదిలోకి పరుగెత్తి ఉన్ని మేజోళ్లు తెచ్చింది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి నేల మీద చతికిలబడి కోడలి పాదం తన ఒళ్లో పెట్టుకుని మేజోడు తొడగసాగింది. రూయిన్ కాలు వెనక్కి లాక్కోలేదు. ఒక చేత్తో అత్త భుజం పట్టుకుని నిలబడి, తల పైకెత్తి తండ్రిని అడిగింది.

"నాన్నా, నువ్వు నా కూతురి గీతలు లెక్కపెడుతున్నావా?"

"అది కాదమ్మా..."

"నాకింక పిల్లలు పుట్టరు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నెల రోజులుగా ఎవరూ ఆ మాట అనలేదు. వేడివేడిగా వండి పెట్టారు, బట్టలుతికారు, నా కంట్లో నీళ్లొస్తే ఉల్లిపాయ అన్నారు. సరే. సంతోషం. ఇప్పుడు ఉన్న ఇద్దర్నీ పంచుకుంటున్నారా? ఆడపంది పన్నా? ఇంకో ఈత లేదు గనక ఉన్నవాటిలోనే తీసుకుంటున్నారా?"

"ఇంకో కాలు ఇవ్వు," అంది అక్క కింద నుంచి.

రూయిన్ ఇంకో కాలు ఇచ్చింది.

"మీరు మాటిచ్చుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒప్పుకున్నాను. పెళ్లయినా నా పేరు తూ రూయినే, ఎవరూ మార్చలేదు. కుక్కపిల్లని తూ అంటారా, సూ అంటారా, రేపు పొద్దుటికి మీరే తేల్చుకోండి. వాడు తాగేది నా పాలే. కానీ యూచింగ్ పేరు జోలికి రావద్దు. ముందు అక్షరమైనా సరే, చివరి అక్షరమైనా సరే. అది పోయిన అత్తయ్య పెట్టిన పేరు."

నేను టీ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. యూచింగ్ పుట్టిన రోజు తుపాను. ఛాయ్‌యున్ అప్పటికే జబ్బుతో సగం అయిపోయింది. ఆసుపత్రి కిటికీ పక్కన పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. తడిసిన పైకప్పుల మీద ఎండ పడింది. గీతలు లెక్కపెట్టలేదు, ఎవరినీ అడగలేదు. "వాన, తెరిపి. బాగుంది కదండీ?" అంది. ఆ చలికాలం దాటకుండానే ఆమె వెళ్లిపోయింది. పేరులో వాన ఉంటే పిల్ల ఏడుపుగొట్టుదవుతుందని అక్క సణిగింది గానీ, ఆ పిల్ల అంత తక్కువ ఏడ్చే పసిదాన్ని నేను చూడలేదు.

ఆ పిల్లే ఇప్పుడు బుట్ట పక్క నుంచి లేచింది. చేతిలో ఎర్ర గుడ్డు. అరచేతులు తండ్రి చేతుల్లాగే ఎర్రగా ఉన్నాయి. వచ్చి అక్క ఎదురుగా నిలబడింది. అక్క ఇంకా నేల మీదే ఉంది గనక ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"మామ్మా, నన్ను ఆ తాతయ్యకి ఇచ్చేస్తారా?"

"ఇచ్చేయడం కాదే. పేరు మాత్రమే."

"నా పేరు ఇచ్చేస్తే నేను ఇక్కడే ఉంటానా?"

"ఉంటావు. ఎక్కడికి పోతావు?"

యూచింగ్ గుడ్డును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీ పేరేంటి మామ్మా?"

"బాంగ్‌యో. తెలుసుగా."

"అంటే?"

బోవెన్ తలెత్తాడు. తూ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. మా వయసు వాళ్లకి ఆ పేరు అర్థం తెలుసు. వీధికి ఒకరుండేవారు ఆ పేరుతో. తెలుసు గనకే ఎవరమూ ఎప్పుడూ పైకి అనలేదు.

"అంటే..." అక్క మేజోడు మడత సరిచేసింది. అది సరిగానే ఉంది. "సరేలే, పుట్టింది కదా, పెంచుదాం అని."

"ఎవరన్నారు?"

"మా నాన్న."

"పెంచాడా?"

"మూడేళ్లు," అంది అక్క. "తర్వాత లాయ్ వాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లబ్బాయికి చేసుకుంటామని చిన్నప్పుడే తీసుకెళ్లారు."

"నాకు నాలుగు," అంది యూచింగ్.

గండం దాటేసినట్టు చెప్పింది. చెప్పి, గుడ్డు అక్క ఒళ్లో పెట్టి, బుట్ట దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరూ గొంతెత్తలేదు. గొడవ తీరిందని కాదు. ఎక్కడ పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. రూయిన్ కుక్కపిల్ల ఏడుపు విని లోపలికి వెళ్లింది. తూ చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా లేచాడు.

వాకిట్లో మోటారుసైకిల్ దగ్గర నాతో అన్నాడు. "ఆ పిల్లని లెక్కపెట్టాల్సింది కాదు బావగారూ. చెయ్యి దానంతటదే లెక్కపెట్టేసింది. తోటలో కాయలు లెక్కపెట్టి పెట్టి ఆ అలవాటయిపోయింది."

"రేపు ఎలా?"

"పొద్దున్నే వస్తాను. మా వాళ్లు ఎనిమిదిమంది వస్తామన్నారు. ఏదో ఒక పేరు చదవాలి కదా." ఆయన బండి ఎక్కి ఆగాడు. "మా పెద్దలకి అవునని చెప్పించుకున్నాను. ఇప్పుడు వెళ్లి కాదని ఏ ముఖంతో చెప్పను?"

ఆయన ఎర్ర కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. కావాలనే వదిలాడు.

అక్క అన్నం వడ్డించింది, గిన్నెలు కడిగింది, మర్నాటికి బియ్యం నానబెట్టింది. మధ్యాహ్నం కూరలో ఉప్పు పడిందని అప్పుడు, గిన్నె అంచుకి అంటిన పులుసు నాకి చూసినప్పుడు తెలిసినట్టుంది. "ఒక్కళ్లూ చెప్పరేం?" అని గోడతో అంది.

అందరూ గదుల్లోకి సర్దుకునే వేళకి నేను వాకిలి తలుపు గడియ వేసి వెనక్కి తిరిగాను. అక్క పీఠం ముందు నిలబడి ఉంది. పక్కన కుర్చీలో యూచింగ్ ముడుచుకుని నిద్రపోతోంది. తల్లి పసివాడితో ఉండటం వల్ల నెల రోజులుగా అది అక్క దగ్గరే పడుకుంటోంది.

అక్క అగరొత్తి వెలిగించి, చెక్కలు రెండూ అరచేతుల మధ్య పట్టుకుని పెదవులు కదిపింది. వదిలింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. పెద్దలు నవ్వుతున్నారని అర్థం. జవాబు లేదు.

మళ్లీ వేసింది. మళ్లీ నవ్వారు.

మూడోసారి వేసేముందు నన్ను చూసింది. ఆగలేదు. చెక్కలు నేల మీద దొర్లి, ఒకటి పీఠం కాలికి తగిలి, మళ్లీ రెండూ వెల్లకిలానే ఆగాయి.

"చూడు తమ్ముడూ, వీళ్లకి ఎంత నవ్వులాటగా ఉందో," అంది. "బతికున్నప్పుడూ నాన్న అంతే. నన్ను ఎందుకిచ్చేశావు అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. నవ్వాడు. అంతే. నవ్వి సిగరెట్టు అంటించుకున్నాడు."

"ఏమని అడిగావు వాళ్లని ఇప్పుడు?"

"నీకెందుకు?"

చెక్కలు ఏరి పీఠం మీద పెట్టింది. దుమ్ము లేకపోయినా చేత్తో తుడిచింది.

"గుర్తింపు కార్డు మీద నా పేరెలా ఉంటుందో తెలుసుగా? లాయ్ సూ బాంగ్‌యో. పైన వాళ్ల ఇంటిపేరు, కింద మన ఇంటిపేరు. రెండున్నాయి నాకు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. లాయ్ వాళ్ల పీఠం ఇప్పుడు మా మరిది ఇంట్లో ఉంది, నా ముఖం కూడా వాళ్లకి గుర్తుండదు. ఇక్కడేమో ఇంటి ఆడపడుచు పోయాక ఆమె పేరు ఈ పీఠం మీద పెట్టకూడదు. ఇద్దరి పేర్లూ మోసి, ఒక్కళ్ల దగ్గరా చోటు లేదు. ఆ ముసలాయన అగరొత్తి అగరొత్తి అని ఏడుస్తుంటే నాకు ఎంత చిరాకొచ్చిందో తెలుసా?"

"తెలుస్తోంది," అన్నాను.

"నీకేం తెలియదు. పడుకో."

కుర్చీ మీదికి వంగి యూచింగ్‌ని భుజానికెత్తుకుంది. పిల్ల నిద్రలోనే ఎర్రటి అరచెయ్యి ఆమె మెడ మీద వేసింది. ఆ రంగు వారం దాకా పోదు. ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చేత్తో అక్క బల్ల దగ్గరికి వెళ్లి ఎర్ర కాగితాలు రెండూ తీసుకుంది. తనదీ, తూదీ. ఛాయ్‌యున్ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో పీఠం ముందు ఏ పేరు చదవాలన్నా చదివేది మా అక్కే.

నేను వెనకాలే ఆమె గది దాకా వెళ్లాను.

ఆ తలుపు గురించి చెప్పాలి. మా అక్క రోజూ రాత్రి దాన్ని దబాలున వేస్తుంది. గోడ మీది క్యాలెండరు ఊగుతుంది, పక్కింటి కుక్క మొరుగుతుంది. ఆమె తిరిగొచ్చి ఇరవై ఏళ్లయింది, ఇరవై ఏళ్లుగా అంతే. ఆ చప్పుడును బట్టి మర్నాడు పొద్దున ఇంట్లో ఎవరికి ఎన్ని తిట్లో మేం ముందే తెలుసుకుంటాం.

గుమ్మంలో ఆగి నావైపు తిరిగింది.

"పిల్లని ఎవరికీ ఇవ్వం. పేరైనా సరే. వియ్యంకుడికి పొద్దున్న నువ్వే చెప్పు. నేను చెబితే అరుస్తాను."

"మరి కుక్కపిల్ల?"

ఆమె వేళ్ల మధ్య రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏది పైన ఉందో ఆ మసక వెలుతురులో నాకు కనిపించలేదు.

"అక్కా, మన పెద్దలకి చెప్పేశావు కదా. ఇప్పుడు..."

"నెమ్మదిగా," అంది. "పిల్ల లేస్తుంది."

లోపలికి వెళ్లి, భుజంతో తలుపును తోసి, చివరి అంగుళం చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.